రాత్రి వాటిది... పగలు మనది!

మైసూరు నుంచి ఊటీ వెళ్లే రోడ్డుకు రాత్రి తొమ్మిదింటికి గేటు పడుతుంది. తిరిగి తెరిచేది తెల్లవారి ఆరింటికే. ఆ తొమ్మిది గంటలూ దారి ఏనుగులది, జింకలది, పులులది. రాత్రిపూట వాటి జోలికి ఎవరూ పోకపోబట్టే పగలు అవి రోడ్డు పక్కన నిలబడి మనకు దర్శనమిస్తున్నాయి. బందీపూర్, ముదుమలై... రెండు రాష్ట్రాల్లోని రెండు జాతీయ పార్కులను కలుపుతూ సాగే ఆ అడవి దారి విశేషాలివి.

తెల్లవారుజామున ఐదున్నర. గుండ్లుపేట దాటాక వచ్చే మేల్కామనహళ్లి చెక్‌పోస్టు దగ్గర వాహనాలు బారులు తీరి ఉంటాయి. ఊటీ బస్సులు, సరుకు లారీలు, బెంగళూరు కుర్రాళ్ల బైకులు, వెనక సీట్లో పిల్లలు ఇంకా నిద్రపోతున్న కార్లు. వాటిలో ఏపీ, తెలంగాణ నంబరు ప్లేట్లూ కనిపిస్తుంటాయి. చలికి చేతులు రుద్దుకుంటూ కొందరు కిందికి దిగుతారు. ఆరు కొట్టగానే గేటు లేస్తుంది. అందరికీ ఒకటే ఆశ... ముందు వెళ్లే బండికే ఏనుగు కనిపిస్తుందని!

అక్కడి నుంచి తమిళనాడు సరిహద్దు దాకా అడవి దారి పట్టుమని పదిహేను కిలోమీటర్లు కూడా ఉండదు. ఆగకుండా వెళ్తే అరగంటలో అయిపోతుంది. కానీ ఆ అరగంట కోసమే వందల కిలోమీటర్ల నుంచి జనం వస్తారు.

పూల తోటల మీదుగా...

గేటు దాకా వచ్చే దారి కూడా తక్కువదేం కాదు. మైసూరు నుంచి నంజన్‌గూడు మీదుగా గుండ్లుపేటకు సుమారు 60 కిలోమీటర్లు. జూన్ నుంచి సెప్టెంబరు మధ్యలో వెళ్తే రోడ్డుకు రెండు వైపులా పొద్దుతిరుగుడు, బంతి పూల పొలాలు పసుపు, నారింజ రంగుల్లో పరుచుకుని ఉంటాయి. వెనక నీలిరంగు కొండలు. ఇక్కడే కార్లు ఆగి, ఫొటోలు మొదలవుతాయి.

గుండ్లుపేట దగ్గర రోడ్డు రెండుగా చీలుతుంది. ఒకటి కేరళలోని సుల్తాన్ బతేరి మీదుగా కోజికోడ్‌కు వెళ్తుంది. రెండోది ముదుమలై మీదుగా ఊటీకి. రెండూ జాతీయ రహదారులే. రెండూ బందీపూర్ అడవిని చీల్చుకునే వెళ్తాయి.

ఊటీ దారిలో కొంచెం పక్కకు తిరిగితే హిమవద్ గోపాలస్వామి బెట్ట. కన్నడంలో బెట్ట అంటే కొండ. 1,454 మీటర్ల ఎత్తులో ఉన్న ఈ కొండ మీద వేణుగోపాలస్వామి కొలువై ఉన్నాడు. గుడి హోయసల రాజు బల్లాళుడి కాలం నాటిదని చెబుతారు. వేసవి తప్ప మిగతా రోజుల్లో పొద్దున పూట పొగమంచు గుడిని కమ్మేస్తుంది. అందుకే ఆ పేరు. సొంత వాహనాలను కొండ కిందే ఆపేసి, కర్ణాటక ఆర్టీసీ బస్సులో పైకి వెళ్లాలి. గుడి చుట్టూ గడ్డి మైదానాలు, లోయల్లో అడవి. అప్పుడప్పుడూ ఏనుగులు గుడి ముంగిట దాకా వచ్చేస్తుంటాయి. భక్తులు పక్కకు తప్పుకుని దణ్ణం పెట్టుకుంటారు.

మహారాజుల వేట అడవి

ఒకప్పుడు ఈ ప్రాంతమంతా మైసూరు మహారాజులు వేటాడిన అడవి. ఆ రాజులే 1931లో 90 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. పదేళ్ల తర్వాత, 1941లో దాన్ని 800 చదరపు కిలోమీటర్లకు పెంచి 'వేణుగోపాల వన్యప్రాణి పార్కు' అని పేరు పెట్టారు. కొండ మీది స్వామి పేరే అది! 1973లో పులుల సంరక్షణ కోసం 'ప్రాజెక్ట్ టైగర్' మొదలుపెట్టినప్పుడు దేశం మొత్తమ్మీద ఎంపిక చేసిన తొమ్మిది అడవుల్లో బందీపూర్ ఒకటి. ఆ పథకానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా 2023 ఏప్రిల్‌లో ప్రధాని నరేంద్ర మోదీ ఇక్కడికే వచ్చి జీపులో అడవి చుట్టొచ్చారు. అంతకు మూడేళ్ల ముందు రజనీకాంత్, బేర్ గ్రిల్స్ కలిసి చేసిన సాహస యాత్ర కార్యక్రమాన్నీ ఈ అడవిలోనే తీశారు.

బందీపూర్‌కు ఒక పక్క నాగరహోళె, మరో పక్క కేరళ వాయనాడ్, దక్షిణాన ముదుమలై. మ్యాపులో వీటికి గీతలున్నాయి గానీ ఏనుగుకు లేవు. ఎండాకాలంలో ఇక్కడి నీటి గుంటలు ఎండితే మందలన్నీ కబిని జలాశయం వైపు నడుస్తాయి. వానలు పడగానే తిరిగొస్తాయి. ఈ అడవులన్నీ కలిపిన నీలగిరి జీవావరణ ప్రాంతం 1986లో ఏర్పాటైంది. దేశంలో మొదటిది అదే. ఆసియా ఏనుగులు ప్రపంచంలో ఎక్కడా లేనంత పెద్ద సంఖ్యలో తిరుగాడేది ఇక్కడే.

కారు అద్దంలోంచి...

మొదట కనిపించేది చుక్కల జింకే. ఒకటీ రెండూ కాదు, ముప్పై నలభై ఉన్న మందలు. రోడ్డుకు అటూ ఇటూ కొంతమేర పొదలు కొట్టేసి శుభ్రంగా ఉంచుతారు. అగ్గి అంటుకుంటే అవతలికి పాకకుండా ఉండటానికీ, దాటుతున్న జంతువు డ్రైవరుకు దూరం నుంచే కనబడటానికీ ఆ ఏర్పాటు. అక్కడ లేత గడ్డి మొలుస్తుంది. ఆ గడ్డి కోసం జింకలు వస్తాయి. అంటే రోడ్డు పక్కన నిలబడ్డవి మనల్ని చూడ్డానికి వచ్చినవి కావు, టిఫినుకు వచ్చినవి!

జింకల మందకు పైన, చెట్టు కొమ్మల మీద కొండముచ్చులుంటే కాసేపు గమనించాలి. కోతులు కొరికి పడేసిన ఆకులూ కాయలూ జింకలకు తిండి. అంతకన్నా పెద్ద సాయం ఇంకోటుంది. పులో చిరుతో వస్తే పైనున్న కొండముచ్చుకు ముందు కనబడుతుంది. అది కేక పెడుతుంది. వెంటనే జింకలు చెవులు నిక్కబొడుచుకుని తోకలు పైకెత్తుతాయి. వాసన పసిగట్టడంలో జింకలది పైచేయి. ఇరుగూ పొరుగూ ఒకరికొకరు కాపలా అన్నమాట.

వెదురు పొదల వెనక నల్లటి బండరాయి కదిలినట్టనిపిస్తే అది అడవిదున్న. మోకాళ్ల దాకా తెల్లటి మేజోళ్లు తొడుక్కున్నట్టు ఉంటుంది. పెద్ద మగదున్న బరువు టన్నుకు దగ్గరగా ఉంటుంది. ఇక ఏనుగుల మంద కనిపించిందంటే బండిలో అందరూ ఊపిరి బిగబట్టాల్సిందే. ముందు నడిచేది వయసు మళ్లిన ఆడఏనుగు. గున్నలు ఎప్పుడూ పెద్దవాటి కాళ్ల మధ్యలోనే. ఎక్కడ నీళ్లున్నాయో, ఏ దారిన వెళ్లాలో ఆ పెద్దామెకే తెలుసు. మిగతావన్నీ వెనక నడుస్తాయి. ఉమ్మడి కుటుంబంలో అమ్మమ్మ లాంటిదన్నమాట!

అదృష్టం బాగుంటే ఎర్రటి రేసుకుక్కల గుంపు కూడా కనిపిస్తుంది. అవి మొరగవు, ఈల వేసుకుంటాయి. ఎ.జె.టి. జాన్‌సింగ్ అనే శాస్త్రవేత్త 1970ల్లో ఈ అడవిలోనే మకాం వేసి రేసుకుక్కల జీవితాన్ని దగ్గరగా చూసి రాశారు. స్వేచ్ఛగా తిరిగే పెద్ద క్షీరదం మీద ఓ భారతీయుడు అంత లోతుగా చేసిన మొదటి క్షేత్ర అధ్యయనంగా దానికి పేరు. 2024లో కన్నుమూసేదాకా ఆయన అడవుల వెంటే నడిచారు.

మరి పులి? 2022 లెక్కల ప్రకారం బందీపూర్‌లో 150, ముదుమలైలో 114 ఉన్నాయి. దేశంలో కార్బెట్ తర్వాత ఎక్కువ పులులున్నది బందీపూర్‌లోనే. అయినా రోడ్డు మీద నుంచి కనబడటం చాలా అరుదు. పులి కనిపించలేదని పిల్లలు అలిగితే పెద్దలు చెప్పాల్సిన మాట ఒకటే... మనం చూడకపోయినా అది మనల్ని చూసే ఉంటుంది!

గేటు వెనక కథ

2009కి ముందు ఈ దారిలో రాత్రంతా లారీలు తిరిగేవి. చీకట్లో హెడ్‌లైట్ల వెలుగు కళ్లలో పడితే జింక పరుగెత్తదు. కళ్లు బైర్లు కమ్మి అక్కడే నిలబడిపోతుంది. తెల్లారేసరికి రోడ్డు మీద జింకలు, కోతులు, పాములు... ఒక్కోసారి ఏనుగులు, పులులు, చిరుతలు కూడా ప్రాణాలు పోగొట్టుకుని కనిపించేవి.

2009 జూన్‌లో చామరాజనగర్ జిల్లా అధికారులు రెండు రహదారుల మీదా రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రాకపోకలు ఆపేస్తూ ఆదేశాలిచ్చారు. ఒత్తిళ్లు వచ్చాయి. కొద్దిరోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. విషయం కర్ణాటక హైకోర్టుకు చేరింది. కోర్టు నిషేధాన్ని మళ్లీ పెట్టి, 2010లో ఖాయం చేసింది. అంబులెన్సులకూ, కొన్ని బస్సులకూ మాత్రం మినహాయింపు ఉంది.

అందరూ సంతోషించలేదు. వాయనాడ్ వాళ్ల బాధ వాళ్లది. బెంగళూరులో చదువుకునే పిల్లలు, మైసూరు సంతకు వెళ్లే సరుకు, పెద్దాసుపత్రికి పోవాల్సిన రోగులు... అందరికీ దగ్గరి దారి ఇదే. చుట్టూ తిరిగి వెళ్లడానికి హుణసూరు, గోణికొప్ప, కుట్ట మీదుగా మరో రోడ్డుంది. అది దూరం. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. పగలు కూడా మూసేస్తారేమోనన్న భయంతో 2019లో సుల్తాన్ బతేరిలో యువకులు నిరాహార దీక్షకు దిగారు. వాళ్లకు మద్దతుగా జనం వేలల్లో కదిలొచ్చారు.

అడవి కావాలనేవాళ్లూ, రోడ్డు కావాలనేవాళ్లూ ఇద్దరూ మనుషులే. కాకపోతే మనిషికి మరో దారి ఉంది. ఏనుగుకు లేదు. ఈ దారిలో సరదాగా వెళ్లొచ్చే ప్రతి కుటుంబానికీ తెలియాల్సిన విషయమది.

మోయారు దాటితే...

కెక్కనహళ్ల దగ్గర కర్ణాటక అయిపోతుంది. తమిళ బోర్డులు మొదలవుతాయి. అడవి మాత్రం అదే. ఇక్కడి నుంచి ముదుమలై. 1940లోనే అభయారణ్యమైంది. 321 చదరపు కిలోమీటర్లు. 2007లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. రెండు అడవుల మధ్య మోయారు నది పారుతుంది. ఆ లోయలో తెల్లవీపు రాబందులు గూళ్లు కట్టుకుంటాయి. మన పల్లెల్లో కనుమరుగైన రాబందులకు దక్షిణాదిలో మిగిలిన పెద్ద ఆవాసాల్లో ఇదొకటి. పశువులకు వాడే డైక్లోఫెనాక్ మందు వాటి పాలిట విషమని తేలాక 2006లో దాన్ని నిషేధించారు.

మరికొద్ది దూరంలో తెప్పకాడు. నది ఒడ్డున ఏనుగుల శిబిరం. నూరేళ్లకు పైబడిన చరిత్ర దీనిది. ఒకప్పుడు టేకు దుంగలు లాగించేందుకు ఏనుగులను పెంచేవారు. ఇప్పుడు ఆ పని లేదు. తల్లిని పోగొట్టుకున్న గున్నలు, ఊళ్ల మీద పడి పట్టుబడిన ఏనుగులు ఇక్కడ పెరుగుతున్నాయి. శిక్షణ పొందిన కుంకీలు ఊళ్లలోకొచ్చే అడవి ఏనుగులను వెనక్కి మళ్లిస్తాయి. చిత్తూరు జిల్లా రైతులకు కుంకీ మాట కొత్తేం కాదు. 2025 మేలో కర్ణాటక తన శిబిరాల నుంచి ఆంధ్రప్రదేశ్‌కు కుంకీలను అప్పగించింది.

2023లో ఉత్తమ లఘు డాక్యుమెంటరీగా ఆస్కార్ అందుకున్న 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' తీసింది తెప్పకాడులోనే. అనాథగా దొరికిన రఘు అనే గున్ననూ, దాన్ని కన్నబిడ్డలా సాకిన బొమ్మన్, బెల్లి దంపతులనూ కార్తికి గొన్‌సాల్వెస్ ప్రపంచానికి పరిచయం చేశారు. పొద్దునా సాయంత్రం ఏనుగులకు తిండి పెట్టే వేళ పర్యాటకులను లోపలికి రానిస్తారు. రాగులు, బియ్యం, ఉలవలు ఉడికించి, బెల్లం, ఉప్పు కలిపి తలకాయంత ముద్దలు చేసి, మావటి ఒక్కొక్కటీ నోట్లో పెడుతుంటాడు. రాయలసీమ వాళ్లకు సంకటి ముద్ద గుర్తుకు రాక మానదు!

దారి మూసుకుపోతే...

తెప్పకాడు దగ్గర మళ్లీ రెండు దారులు. కుడివైపు గూడలూరు మీదుగా ఊటీకి 67 కిలోమీటర్ల వరకు ఉంటుంది. రోడ్డు వెడల్పు, ఇబ్బంది తక్కువ. ఎడమవైపు మసినగుడి మీదుగా దగ్గర, నలభై కిలోమీటర్ల లోపే. కానీ కల్హట్టి ఘాట్‌లో 36 హెయిర్‌పిన్ మలుపులెక్కాలి. కొత్త డ్రైవర్లకు అది పరీక్షే. ఈ ఘాట్ మీదుగా కిందికి దిగడానికి బయటి వాహనాలకు ఆంక్షలున్నాయి.

మసినగుడి చుట్టుపక్కల సీగూరు పీఠభూమి. తూర్పు, పడమటి కనుమల మధ్య ఏనుగులు నడిచే దారి ఇది. అదే దారి మీద రిసార్టులు లేచాయి, కంచెలు పడ్డాయి. 'బాల్కనీలోంచి ఏనుగు చూడండి' అని పిలిచే గదులకు గిరాకీ పెరిగింది. 2010లో తమిళనాడు ప్రభుత్వం దీన్ని ఏనుగుల నడవాగా ప్రకటిస్తే రిసార్టుల వాళ్లు కోర్టుకెక్కారు. 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు ఏనుగుల పక్షానే తీర్పు చెప్పింది.

మూడు నెలలు తిరక్కముందే ఘోరం జరిగింది. మసినగుడిలో బస గదుల దగ్గరికొచ్చిన ఓ ఏనుగు మీదికి మంటలు అంటుకున్న టైరు లాంటిది విసిరారు. అది చెవికి అంటుకుంది. మండుతున్న తలతో చీకట్లో పరుగెత్తిన ఆ ఏనుగు వీడియో 2021 జనవరిలో దేశాన్ని కలచివేసింది. అప్పటికే ఆ ఏనుగు చనిపోయింది. సెలవులకు గది వెతుక్కునేటప్పుడు అది ఎక్కడ కట్టారో ఒక్కసారి అడగాలి. అడిగేవాళ్లు పెరిగితే కట్టేవాళ్లు తగ్గుతారు.

పచ్చగా ఉన్నదంతా మేలు చేసేది కాదన్నది కూడా ఈ దారిలోనే తెలుస్తుంది. రోడ్డు పొడవునా రంగురంగుల చిన్న పూలతో అందంగా కనిపించే లాంటానా పొద పరాయి దేశపు మొక్క. అలంకారం కోసం తెచ్చింది అడవినే ఆక్రమించింది. అది పెరిగిన చోట గడ్డి మొలవదు. గడ్డి లేకపోతే జింక లేదు, జింక లేకపోతే పులి లేదు. ఎండితే అగ్గికి ఆజ్యం. 2019 ఫిబ్రవరిలో బందీపూర్‌లో వేల ఎకరాలు తగలబడ్డాయి. నీలగిరుల్లోని గిరిజనులు ఈ కంపనే కొట్టి తెచ్చి, నిలువెత్తు ఏనుగు బొమ్మలుగా అల్లుతున్నారు. 2021లో ఆ లాంటానా ఏనుగులు లండన్ పార్కుల్లో కొలువుదీరాయి!

అద్దం దించొద్దు... అడుగు దింపొద్దు

అడవి మధ్యలో బండి ఆపకూడదు. దిగకూడదు. హారన్ కొట్టకూడదు. ఈ నియమాలు బోర్డుల మీద మూడు భాషల్లో రాసి ఉంటాయి. అయినా ఫోను చేతిలో ఉంటే కొందరికి బోర్డు కనిపించదు. 2025 ఆగస్టులో బందీపూర్ రోడ్డు మీద ఒకాయన సెల్ఫీ కోసం ఏనుగు దగ్గరికి వెళ్లాడు. అది తరిమి కింద పడేసింది. చావు తప్పి బయటపడ్డాడు. అటవీశాఖ పాతిక వేలు జరిమానా వేసింది.

కోతికి అరటిపండు పెట్టడం పుణ్యమనుకుంటారు చాలామంది. తిండి దొరుకుతుందని మరిగిన కోతి రోడ్డు వదలదు. ఏదో ఒకనాడు చక్రం కింద పడుతుంది. చిప్స్ పొట్లం విసిరితే ఉప్పు రుచికి జింక ప్లాస్టిక్‌తో సహా తినేస్తుంది. ఏనుగులు రోడ్డు దాటుతుంటే దూరంగా ఆగి, అవి వెళ్లేదాకా ఊరుకోవాలి. చెవులు విప్పార్చి, తోక నిగిడించి నిలబడిందంటే 'చాలు, వెనక్కి పో' అని అర్థం. గున్న దాటేసింది కదా అని బండి ముందుకు పోనివ్వకూడదు. వెనక ఇంకా పెద్దవి ఉంటాయి.

వెళ్లేదెలా?

హైదరాబాద్ నుంచి మైసూరు దాదాపు 700 కిలోమీటర్ల పైమాటే. కాచిగూడ నుంచి మైసూరుకు రైలుంది. అక్కడ కారు మాట్లాడుకోవచ్చు. అడవి పచ్చగా కనిపించాలంటే జూన్ నుంచి నవంబరు, నీటి గుంటల దగ్గర జంతువులు చేరాలంటే మార్చి, ఏప్రిల్ నెలలు. ఎండాకాలం ఆకులు రాలినా మోదుగ, రేల పూలు అడవికి వెలుగునిస్తాయి. తెల్లవారి ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగు నుంచి ఆరు... జంతువులు బయట తిరిగే వేళలివి.

నీలగిరి జిల్లాలోకి వెళ్లే వాహనాలకు 2024 మే నుంచి ఈ-పాస్ విధానం వచ్చింది. ముందే చూసుకోవాలి. అక్కడ ప్లాస్టిక్ మీద నిషేధముంది. నీళ్లకు స్టీలు సీసాలు తీసుకెళ్లడం మేలు. సఫారీ వివరాలు కూడా బయల్దేరే ముందే కనుక్కోవాలి. మైసూరు జిల్లా అడవి అంచు పల్లెల్లో పులి దాడుల్లో మనుషులు చనిపోవడంతో 2025 నవంబరులో కర్ణాటక ప్రభుత్వం బందీపూర్, నాగరహోళెల్లో సఫారీలు ఆపేసింది. సిబ్బందిని ఊళ్ల రక్షణకు పంపింది. మనకు సరదా అయిన పులి, ఆ పల్లెల్లో పొలానికెళ్లే రైతుకు భయం. అడవి బతకడానికి వాళ్లు కడుతున్న మూల్యంతో పోలిస్తే మనల్ని పాటించమనే నియమాలు ఏపాటివి?

అంత దూరం వెళ్లలేనివాళ్లకు మన నల్లమల ఉండనే ఉంది. శ్రీశైలం వెళ్లే దారిలో మన్ననూరు దాటితే అమ్రాబాద్ పులుల అడవి. అవతల దోర్నాల వైపు నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం. అక్కడా రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు రాకపోకలు బందే. ఈసారి మల్లన్న దర్శనానికి వెళ్తూ ఆలస్యమై చెక్‌పోస్టు దగ్గర ఆగిపోతే విసుక్కోవద్దు. పిల్లలకు చెప్పండి... అవతల ఓ కుటుంబం రోడ్డు దాటుతోందని!